చూడకుండా చెప్పిన అర్థం

జిగట నిఘంటువు ఆఫీసు మెట్లెక్కేటప్పటికి బయట ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ కుడి భుజం మాత్రం తడిసి నీళ్ళు కారుతోంది. గుమ్మంలో నిలబడ్డ కోటాయన ఆ తడి చూసి, స్నానం మధ్యలో లేచొచ్చారా అని అడిగాడు. మీరు ఆ కోటు విప్పి స్నానం చేస్తారని ఎవరైనా రుజువు చూపిస్తే అప్పుడు జవాబు చెబుతానంటూ, ఆవిడ అతని పక్కనుంచి లోపలికి దూరింది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకి ఒకటుంది. బ్యాంకువాళ్ళకి తప్ప అది ఎవరికీ గుర్తులేదు. పట్టుకుంటే వదలదని జిగట అన్నారు, ఆవిడా సరే అనుకుంది. ఆవిడ డిటెక్టివు, కోటాయనదీ అదే వృత్తి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే. ఆవిడ ఛేదించిన కేసుకి అతను శాలువా కప్పించుకున్న రోజు నుంచి వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఈ కేసులో నిఘంటువు సంస్థ అతన్ని పెట్టుకుంది. జిగటని ఎవరూ పెట్టుకోలేదు. దొంగ అని నింద మోస్తున్నది ఆవిడ సొంత వదిన.

కబురు ఫోనులో చెప్పింది అన్నయ్య. పెద్ద గొంతున్న మనిషి, ఆ పొద్దున మాత్రం గొణిగాడు. నాలుగింటికి పోలీసులు వస్తారట, నీ వదిన్ని ఇంటికి తీసుకురా చెల్లీ, అన్నాడు. అంతకు ముందు వదిన తనకి చెప్పిందంతా, నిన్న ఎవరెవరు ఎక్కడున్నామన్నారో సహా, పొల్లుపోకుండా చెల్లెలికి అప్పజెప్పాడు. అది విని జిగట తిన్నగా ఇక్కడికి రాలేదు. ముందు చోటు, తర్వాత మనిషి, అది ఆవిడ పద్ధతి. ఊరి బయట ఒక చోటికి వెళ్ళి, భుజం తడుపుకుని మరీ వచ్చింది.

ఆ ఆఫీసు సంగతి కాస్త చెప్పాలి. ఇంగ్లీషు మాటలకి తెలుగులో అర్థాలూ పుట్టుపూర్వోత్తరాలూ చెప్పే మహా నిఘంటువు అక్కడ తయారవుతోంది. దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన ఒకే ఒక్క కట్టుబాటు పెట్టాడు. చూడకుండా అర్థం రాయకూడదు. ముందు తరం నిఘంటువుల్లోంచి దించుకోవడం ఆయన దృష్టిలో ఎంగిలి తినడంతో సమానం. జలగకి ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు ఆ ఆఫీసులో ఒకాయన చెయ్యి చాపి కరిపించుకున్నాడు. తోలు అనే మాటకి అందరూ ముక్కులు మూసుకుని తోళ్ళు నానబెట్టి శుద్ధిచేసే చోటుకి వెళ్ళొచ్చారు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు, అయినా ఆ నిఘంటువులో ఉన్న మాటంటే నమ్మేవారు. పెద్దాయన కింద ఇద్దరే ముఖ్యులు. అర్థాలు చూసేది ఆయన బావమరిది, అందుకే అందరూ అర్థాలాయన అంటారు. మాటల పుట్టుక చూసేది జిగట వదిన.

ఇప్పుడు పోయింది ఎల్ అక్షరం సంపుటం. అచ్చుకి సిద్ధమైన రాతప్రతి, వేరే నకలు లేదు. నిన్న సాయంత్రం పెద్దాయన గదిలో ఇనప బీరువాలో పెట్టి ఆయనే తాళం వేసుకుని ఇంటికి వెళ్ళాడు. వదిన చీకటిపడేదాకా పని చేసుకుని అందరికన్నా చివర వెళ్ళింది. పొద్దున పెద్దాయన అందరి ముందూ బీరువా తాళం తీశాడు. లోపల పాత పేపరు పరిచిన అర తప్ప ఏమీ లేదు.

వదిన చదువుకునే గదిలో కూర్చుని ఉంది. బయట బంట్రోతు కాపలా. జిగటని చూడగానే ఏడుస్తుందనుకుంటే, నీ జాకెట్టు పిండుకో, జలుబు చేస్తుంది అంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"నన్ను దొంగ అన్నది ఎవరో తెలుసా?" అంది. "మా గురువుగారే, పెద్దాయన. కోటాయన ఇంకా రాకముందే. ఖాళీ బీరువా చూసి, తిన్నగా నా మొహం చూసి, ఇది తెరవగలిగింది నువ్వొక్కదానివే అమ్మా, అన్నారు. పదహారేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను."

తెరవగలగడం నిజమే. మొన్నటిదాకా వదిన పని చేసినది లాక్ అనే మాట మీద. చూడకుండా రాయకూడదు కాబట్టి తాళాలు బాగుచేసేవాడి దగ్గర కూర్చుని, తాళం లోపల ఏముందో, వైరుతో దాన్ని ఎలా ఏమారుస్తారో నేర్చుకుంది. నేర్చుకున్నది ఊరికే ఉండనిస్తుందా. ఒక మధ్యాహ్నం అందరూ చూస్తుండగా ఆ ఇనప బీరువానే తెరిచి చూపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ఇప్పుడు సాక్ష్యాలయ్యాయి.

జిగట ఆ మాట గురించి మొత్తం చెప్పమంది. వదిన విసుక్కుంది, ఇప్పుడు పాఠం ఏమిటే అని. మాటల పుట్టుక గురించి అడిగితే మాత్రం ఆవిడ ఎంత కష్టంలో ఉన్నా ఆగదు. లాక్ అంటే తలుపు తాళం. కాలవ మీద పడవల్ని ఎత్తీ దించే లాకులూ అదే మాట. కుస్తీలో చెయ్యి మెలేసి కదలనివ్వని పట్టూ అదే. పాత తుపాకీలో మందు అంటించే భాగమూ అదే. ఈ నాలుగూ ఒక తల్లి పిల్లలు. మూసెయ్యడం, మూసి లోపల ఉంచడం, అదీ వాటి కన్నతల్లి. ఐదో అర్థం ఒకటుంది, జుట్టు పాయ. అదీ పైకి అదే మాట, కానీ ఆ ఇంటి పిల్ల కాదు. పుట్టుకే వేరు. పక్కింటి పిల్ల రోజూ వచ్చి ఆడుకుంటూ, చివరికి అదే గౌను వేసుకుని వీళ్ళలో కలిసిపోయినట్టు కలిసిపోయింది.

"ఇది నువ్వు కొత్తగా చెప్పిందా?"

"లోకానికి కొత్త కాదు. ఈ ఆఫీసుకి కొత్త. గురువుగారు వయసులో ఉన్నప్పుడు రాసిన మొదటి వ్యాసంలో ఐదూ ఒకే ఇంటివన్నారు. జుట్టు కూడా ఒకదాన్నొకటి మూసి పట్టుకుంటుందని. ఆ వ్యాసంతోనే ఆయనకి పేరొచ్చింది. ఇప్పటికీ ఎక్కడ సన్మానం జరిగినా అదే చెబుతారు. నేను ఆధారాలు చూపిస్తే, సరే అమ్మా వేసెయ్యి అన్నారు. నవ్వుతూనే అన్నారు."

జిగట వదిన చెయ్యి ఒకసారి నొక్కి లేచింది. కోపం వస్తే నెమ్మదిగా నడవడం ఆవిడ అలవాటు, పెద్దాయన గదిదాకా మరీ నెమ్మదిగా నడిచింది.

గదిలో పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేనట్టు మొహం పీక్కుపోయి ఉంది. సంపుటం పోయిన మనిషికి నిద్రపట్టదు నిజమే, కానీ పోయిన సంగతి తెలిసింది పొద్దునే కదా, అని జిగట మనసులో ఒక మూల పడేసుకుంది. బీరువా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తాళం కన్నం చుట్టూ గీతలు ఉన్నాయి, వాటిలో అప్పుడే సన్నగా తుప్పు పట్టింది. వదిన చప్పట్లు కొట్టించుకున్న నాటివి అవి. కొత్త గీత ఒక్కటీ లేదు. బీరువా కింద దొరికిందని కోటాయన ఒక వంకర వైరు రుమాల్లో చుట్టి చూపించాడు. దానికి బూజుతో పాటు చచ్చిన సాలీడు కూడా అంటుకుని ఉంది. ఈ సాలీడు రాత్రికి రాత్రే కాపురం పెట్టి, పిల్లల్ని కని, ముసలిదై పోయిందా అని జిగట అడిగింది. కోటాయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఆవిడ అసలు ప్రశ్న వేసింది, అదీ పెద్దాయన్ని కాకుండా కోటాయన్ని. పొద్దున బీరువా తెరిచి ఉందా, మూసి ఉందా? మూసే ఉంది, పెద్దాయన తాళంచెవితో తీశారు, అందరూ చూశారు, అన్నాడతను. అయితే ఆ మధ్యాహ్నం వదిన వైరుతో తెరిచాక మళ్ళీ ఎవరు మూశారు? అతనికి తెలియదు. గుమ్మంలో తొంగిచూస్తున్న బంట్రోతుకి తెలుసు. ఆవిడ వైరుతో మూయబోయింది, పావుగంట చెమటలు కక్కినా పడలేదు, చివరికి పెద్దాయనే తాళంచెవి పెట్టి వేశారు. తెరవడమే నేర్చుకున్నాను, మూయడం నేర్చుకోలేదు అని ఆవిడ నవ్వితే అందరూ నవ్వారట.

"తెరవడం మాత్రమే వచ్చినవాళ్ళు దొంగతనం చేస్తే బీరువా బార్లా తెరిచి ఉండాలి," అంది జిగట. "ఇది తాళంచెవి పని."

"ఆ తర్వాత మూయడం కూడా నేర్చుకుని ఉండొచ్చు," అన్నాడు కోటాయన. "ఇప్పుడు మూసి చూపించమంటే రానట్టు నటిస్తుంది. మీ వదిన కాబట్టి మీకు అలా అనిపిస్తోంది. తాళంచెవి ఒక్కటే ఉంది, అది రాత్రంతా పెద్దాయన దిండు కింద ఉంది. ఆయన మీద అనుమానమా మీకు?"

పెద్దాయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. జిగట ఒప్పుకుంది, ఒక్క బీరువాతో కేసు తేలదని. ఒప్పుకోవడం చూసి కోటాయన కాస్త పొంగాడు. మిగతావాళ్ళందరి రాత్రి సంగతీ తను తేల్చేశానన్నాడు. అందరిలోకీ గట్టి సాక్ష్యం అర్థాలాయనది. నిన్న మధ్యాహ్నమే బయల్దేరి కాలవ లాకులు చూడటానికి వెళ్ళాడు. లాక్ అనే మాటలో రెండో అర్థం ఆయన వాటా కదా, సంపుటం అచ్చుకెళ్ళేలోపు కళ్ళతో చూడాల్సింది అదొక్కటే మిగిలిందట. సాయంత్రమంతా అక్కడే ఉండి, ఆఖరి బస్సులో ఇంటికి చేరాడు.

"ఆయన చెప్పింది రాసుకున్నాను. సాక్ష్యం అంటే అలా ఉండాలి," అని కోటాయన జేబులోంచి కాగితం తీశాడు.

ఆ కాగితం అలాగే ఉంచండి, ఆయన్నే పిలిపించండి, అంది జిగట.

అర్థాలాయన వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. ఎదుటివాళ్ళు అడిగినదానికి మించి ఒక్క మాట ఇవ్వని రకం. లాకుల దగ్గర ఏం చూశారని జిగట మర్యాదగా అడిగింది.

"ఎత్తు తేడా ఉన్న రెండు నీటిమట్టాల మధ్య కట్టిన తొట్టి. దానికి రెండు కొసలా జంట తలుపులు. దిగువ తలుపులు రెక్కల్లా తెరుచుకోగానే పడవ లోపలికి వస్తుంది. అవి మూసి, ఎగువ నీళ్ళు వదిలితే, నీటితో పాటు పడవ పైకి లేస్తుంది. అప్పుడు ఎగువ తలుపులు తెరుస్తారు."

చాలా బాగా చెప్పారు, ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను, అంది జిగట. ఆయన మళ్ళీ చెప్పాడు. కోటాయన తన కాగితంలో వేలు పెట్టి చూసుకుంటూ, ఒక్క ముక్క తేడా లేదు చూశారా అన్నాడు గర్వంగా.

"చూశాను. అదే నా బాధ," అంది జిగట. "మా అన్నయ్య మొన్నామధ్య చేపల మార్కెట్టుకి వెళ్ళొచ్చిన సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పాడు. ఒకసారి చెప్పు తెగింది, ఒకసారి ఎవరో అప్పు అడిగారు. కళ్ళతో చూసినవాడికి పనికిరానివన్నీ గుర్తుంటాయి. మీకు పనికొచ్చేవి తప్ప ఏమీ గుర్తులేవు. సరే, అక్కడ మీరు ఎక్కడ నిలబడ్డారు?"

దిగువ తలుపుల దగ్గర, అన్నాడు అర్థాలాయన. తలుపుకి ఆనుకుని ఉన్న నడవ మీద. పడవ లోపలికి రావడం అక్కణ్ణించే బాగా కనిపిస్తుంది.

"తడిశారా?"

ఆయన మొదటిసారి తడబడ్డాడు. తడవడం ఎందుకు, వాన లేదు కదా అన్నాడు.

జిగట తన కుడి భుజం ముందుకు తిప్పింది. ఇంటినుంచి పొడిగానే బయల్దేరానని చెప్పింది. తనూ అదే నడవ మీద నిలబడింది, పడవ రావడం చూద్దామనే. రెక్కల్లా తెరుచుకునే జంట తలుపులు అక్కడ ఎప్పుడో ఉండేవట. కొయ్య పుచ్చిపోతే తీసి పారేశారు. ఇప్పుడున్నది ఒకే ఒక్క ఇనప రేకు, షాపు షట్టరు లాగా గొలుసులతో నిట్టనిలువుగా పైకి లేస్తుంది. నీళ్ళలోంచి లేచిన రేకు ఊరుకోదు. నడవ మీద ఉన్నవాళ్ళ నెత్తి మీద, పడవలోవాళ్ళ నెత్తి మీద బడబడా కారుస్తుంది. అక్కడి మనుషులు గొడుగు వేసుకుని పనిచేస్తారు, కొత్తగా వచ్చినవాళ్ళు తడుస్తుంటే చూసి నవ్వుతారు. ఆవిణ్ణి చూసి కూడా నవ్వారు.

కోటాయన మాత్రం వెంటనే ఒప్పుకోలేదు, అది అతని గొప్పే. మీ మాట మీద ఎలా నమ్మాలి అని టేబుల్ మీద ఫోను తీసి, కాలవల ఆఫీసుకి తనే చేశాడు. తలుపుల గురించి అడిగాడు. అవతలివాళ్ళు చెప్పింది విన్నాడు. ఇంకోసారి అడిగి ఇంకోసారి విన్నాడు. ఫోను పెట్టేసేసరికి నోట్లో వెలక్కాయ పడ్డట్టు ఉంది మొహం. చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

జిగటకి గంతెయ్యాలనిపించింది. పదేళ్ళ కిందటి శాలువా సంగతి కూడా ఆ క్షణంలో చల్లారింది. గంతు మాత్రం దాచుకుంది, పని ఇంకా అయిపోలేదు.

"పరాయివాడు ఎవడైనా అయితే వేరే అబద్ధం చెప్పేవాడు," అంది అర్థాలాయనతో. "లాకుల దగ్గర ఎవరో తగాదా పడ్డారనో, దోమలు కుట్టాయనో కల్పించేవాడు. మీరు పుస్తకాలవాళ్ళు. ఎప్పుడో చదివిన అర్థం నిగనిగలాడించి చెప్పేశారు. అర్థం సరిగ్గానే ఉంది, లోకంలో చాలా లాకులకి సరిపోతుంది. ఈ కాలవకే సరిపోదు. మీరు నిన్న ఈ ఊరు దాటలేదు. ఈ ఆఫీసులో చూడకుండా అర్థం చెప్పిన మొదటి మనిషి మీరే."

దొంగ అంటే ఆయన తట్టుకునేవాడేమో. ఈ మాటకి ఆయన మెడ వంగిపోయింది. జలగకి చెయ్యి చాపింది ఆయనే మరి. మెడ దగ్గర గుండీ విప్పుకుని, గోడకి ఆనుకుని, కాసేపు తన చేతిమీదున్న పాత మచ్చ చూసుకున్నాడు. తర్వాత నేనే తీశాను, రాసుకోండి, అన్నాడు.

"తాళంచెవి ఎక్కడిది?" అంది జిగట.

ఎవరిచ్చారని కోటాయన గద్దించాడు. అర్థాలాయన అతనివైపు చూడనే లేదు. నా తప్పే, నన్ను తీసుకెళ్ళండి, ఇంకేమీ అడక్కండి అన్నాడు. అలా అంటూనే, ఆపుకోలేక, ఒక్కసారి కిటికీ వైపు చూశాడు.

ఆ చూపు కోటాయన కూడా చూశాడు. జిగట గుమ్మందాకా వెళ్ళి, వదిన్ని తీసుకురమ్మని బంట్రోతుకి చెప్పింది. వదిన వచ్చి జిగట పక్కన నిలబడింది. గదిలో ఎవరి మొహం చూడాలో తెలియక బీరువా వైపు చూసింది.

"అయ్యా," అంది జిగట, "దిండు కింద ఉన్న తాళంచెవి మీ బావమరిది జేబులోకి ఎలా వచ్చిందో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

పెద్దాయన కుర్చీ మెల్లగా ఇటు తిప్పుకున్నాడు. వద్దు బావా, అన్నాడు అర్థాలాయన. ఊరుకోవోయ్, అన్నాడు పెద్దాయన, కోపం లేకుండానే.

"తాళంచెవి నేనే ఇచ్చాను. తగలబెట్టెయ్యమన్నాను," అన్నాడు. వదిన వైపు చూసే ధైర్యం లేక తన చేతులకి చెబుతున్నట్టు చెప్పాడు. "ఒకే ఒక్క మాట నన్ను నలుగురిలో నిలబెట్టింది. దాన్ని నా సొంత నిఘంటువే తప్పంటుంటే, అచ్చులో చూసుకోలేననుకున్నాను. వీడు తగలబెట్టలేకపోయాడు. నా ఇంటికి తెచ్చి నా మంచం మీద పెట్టి, మీరే చేసుకోండి బావా, అన్నాడు."

జిగట వదిన మోచెయ్యి పట్టుకుంది.

"అగ్గిపెట్టె కూడా తెచ్చుకున్నాను. అంటించే ముందు ఒక్కసారి చూద్దామని ఆ మాట దగ్గర తీశాను. ఎక్కడో ఒకచోట నువ్వు తప్పు చేసి ఉంటావనే ఆశతో తెల్లవార్లూ చదివాను. దొరకలేదు. అక్షరం అక్షరం వెతికాను, దొరకలేదు. నువ్వు చెప్పిందే నిజం. జుట్టు మాట వేరే ఇంటిదే. అది మంచం మీదే ఉంది, ఒక్క కాగితం కూడా నలగలేదు."

కోటాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తను ఎవరి తరఫున పనిచేస్తున్నాడో ఆ నిమిషంలో అతనికే తెలియలేదు.

"తప్పు దొరకలేదని తెల్లవారేసరికే మీకు తెలుసు," అంది వదిన. "ఆ తర్వాతే కదా ఇక్కడికొచ్చి, ఖాళీ బీరువా అని తెలిసే తాళం తీసి, నన్ను దొంగ అన్నారు."

పెద్దాయన నిజమేనని తల దించుకున్నాడు. పుస్తకం అచ్చు వేయించేస్తాను, మాట కింద నీ పేరే ఉంటుంది, ముందుమాట కూడా నువ్వే రాయి, అన్నాడు.

పదహారేళ్ళలో ఆ గదిలో ఎప్పుడూ కూర్చోని వదిన, ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాస్తాను," అంది. "ఈ పొద్దున పదిమందిలో మీరు నన్ను ఏమన్నారో, ఎందుకన్నారో కూడా అందులో రాస్తాను. నేను ఉన్నాను, చూశాను, విన్నాను."

పెద్దాయన తలెత్తి, ఆ రోజు మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు.

"రాయమ్మా," అన్నాడు.